4×5 కెమెరాకి 6×9 రీలు హోల్డర్ వేస్తే ఒక ఫ్రేము సాఫ్ట్‌గా (మసకగా) వచ్చింది, ఎక్కడ చూడాలి?

పర్లాకిమిడి_నల్లగుడ్డ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా మావయ్యకి పర్లాకిమిడిలో స్టూడియో ఉండేది. ఆయన 4×5 ఫీల్డ్ కెమెరా (4×5 అంగుళాల విడి ఫిల్మ్ షీట్లు వాడే మడత కెమెరా), 150 మి.మీ., 90 మి.మీ. లెన్సులు రెండేళ్లుగా నా దగ్గరున్నాయి. వెనక గ్రాఫ్‌లాక్ బ్యాక్ ఉంది, అంటే గ్రౌండ్‌గ్లాస్ (ఫోకస్ చూసే గరుకు గాజు) ఊడదీసి వేరే హోల్డర్ బిగించుకోవచ్చు. షీట్ ఫిల్మ్ మా ఊళ్లో దొరకదు. తెప్పించుకున్నా ఒక్కో షీటు వాడాలంటే చెయ్యి వెనకాడుతుంది. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒక 6×9 (సెంటీమీటర్ల ఫ్రేము) రోల్ ఫిల్మ్ హోల్డర్ కొన్నాను. 120 రకం రీలుకి 8 ఫ్రేములు వస్తాయి.

మొన్న దాన్ని పట్టుకుని మహేంద్రగిరి వెళ్లాను. సాయంత్రం భీముడి గుడి దగ్గర రెండు ఫ్రేములు తీసి, అలవాటు ప్రకారం మూడో ఫ్రేముకి తిప్పి పెట్టేసి జీపులోనే పడుకున్నాను. తెల్లవారుజామున కుంతి గుడి, చుట్టూ మంచు, ఇంకా ఎవరూ రాలేదు. మూడో ఫ్రేము అప్పుడు తీశాను. గాలికి గడ్డి ఊగుతోందని, షట్టర్ త్వరగా పడేలా లెన్సు రంధ్రం పెద్దది చేసి ఎఫ్ 8 పెట్టాల్సొచ్చింది. మిగతా ఐదూ ఎండ వచ్చాక వరసగా ఎఫ్ 16, ఎఫ్ 22లో తీశాను.

ఇంటికొచ్చి కడిగి చూస్తే, దేనికోసం కొండెక్కానో ఆ మూడో ఫ్రేమే మధ్యలో సాఫ్ట్‌గా ఉంది. అంచుల్లో రాళ్ల మీద నాచు కూడా లెక్కపెట్టేలా ఉంది, గుడి ద్వారం మాత్రం కరిగిపోయినట్టుంది. గ్రౌండ్‌గ్లాస్ మీద లూప్ (భూతద్దం) పెట్టి ఫోకస్ చేసింది ఆ ద్వారం మీదే. ఇంకో రెండు బాధలు: 7, 8 ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. 5వ ఫ్రేములో ఒక అంచు నుంచి సన్నటి చార, వెలుతురు దూరినట్టు.

హోల్డర్ మార్చేయాలా? లేక నేను వాడే పద్ధతిలోనే లోపం ఉందా?

రాయగడ_మాస్టారు | ఆదివారం, రాత్రి 10:05

బాబూ, హోల్డర్‌ని ఇప్పుడే పక్కన పెట్టకు. ముందు రెండు సంగతులు చెప్పు.

ఒకటి, అది ఏ రకం? గ్రౌండ్‌గ్లాస్ ఫ్రేము మొత్తం ఊడదీసి, ఆ స్థానంలో పెట్టి, రెండు స్లైడర్లతో బిగించే రకమా? లేక షీట్ హోల్డర్ లాగా గ్రౌండ్‌గ్లాస్ కిందకి తోసే రకమా? కాలుమెట్ సీ2, సైనార్ జూమ్ హోల్డర్ లాంటివి రెండో రకం. గ్రాఫ్లెక్స్, హార్స్‌మన్ వాళ్లవి ఎక్కువగా మొదటి రకం.

రెండు, మావయ్యగారి కాలంలో గ్రౌండ్‌గ్లాస్ పగిలి మార్చారా? గరుకు వైపు లెన్సు వైపే ఉండాలి. తిరగేసి పెడితే గాజు మందం వల్ల ఫోకస్ తప్పుతుంది.

పర్లాకిమిడి_నల్లగుడ్డ | ఆదివారం, రాత్రి 10:31

మాస్టారూ, మొదటి రకమే. గాజు ఒకసారి మార్చారు, కానీ ఇప్పుడే వేలితో తడిమి చూశాను, గరుకు వైపు లోపలికే ఉంది. షీట్లు తీసినప్పుడు ఎప్పుడూ ఫోకస్ తప్పలేదు.

రాయగడ_మాస్టారు | ఆదివారం, రాత్రి 11:20

అయితే గాజుది తప్పు కాదు. గాజుదే అయితే ఎనిమిది ఫ్రేములూ చెడాలి, షీట్లూ చెడాలి. నీకు ఒక్కటే చెడింది, అదీ మధ్యలోనే. రాత్రంతా గేటులో (ఫిల్మ్ మీద వెలుగు పడే కిటికీలో) కూర్చున్న ఫ్రేము అది.

హోల్డర్ మూత తీసి చూడు. రీలు ఒక స్పూలు నుంచి బయల్దేరి, రోలర్ మీద వంగి, గేటు ముందు చదునుగా పరుచుకుని, మళ్లీ ఇంకో రోలర్ మీద వంగి రెండో స్పూలుకి చేరుతుంది. ఇలాంటి చాలా హోల్డర్లలో ఆ వంపు రీలు సహజంగా చుట్టుకున్న దిశకి ఎదురు. తిప్పిన వెంటనే ఫిల్మ్ బిగువుగా ఉంటుంది. గంటలు గడిస్తే ఆ బిగువు సడలుతుంది. కొండ మీద తేమ తగిలితే ఫిల్మ్ మధ్యలో లెన్సు వైపు ఉబ్బుతుంది. వెనక ప్రెషర్ ప్లేట్ ఉన్నా, ముందుకి ఉబ్బకుండా ఆపేది గేటు అంచులు మాత్రమే. అందుకే నీకు అంచులు షార్ప్‌గా, మధ్య సాఫ్ట్‌గా వచ్చాయి.

లెక్క కూడా చూడు. ఫిల్మ్ ఒక్క మిల్లీమీటరు ముందుకొచ్చిందనుకో. దూరపు వస్తువుకి ఎఫ్ 8లో చుక్క సుమారు 0.125 మి.మీ. మచ్చ అవుతుంది. అదే ఉబ్బు ఎఫ్ 22లో 0.045 మి.మీ. దగ్గరే ఆగుతుంది. ఎండలో తీసినవాటిలో కొంచెం ఉబ్బు ఉన్నా ఎఫ్ నంబరు దాన్ని కాచింది. ఎఫ్ 8 కాయలేదు.

కాబట్టి ఒక్కటి అలవాటు చేసుకో. ఫ్రేము తీశాక తిప్పకు. తర్వాతి ఫ్రేముకి అన్నీ సర్దుకుని, షట్టర్ కాక్ చేసి, ఇక తీయడమే అన్నప్పుడు తిప్పు. రోలర్ మీద గంటలకొద్దీ వంగి ఉన్న ముక్క కూడా అప్పుడు గేటు మధ్యలోకి రాదు, అంచుకి వెళ్తుంది.

బరంపురం_డార్క్‌రూమ్ | సోమవారం, ఉదయం 6:48

మాస్టారు చెప్పినదానికి నేను కలపాల్సింది లేదు. నేను 7, 8 ఫ్రేముల సంగతి చెప్తాను తమ్ముడూ, నాకూ ఇదే జరిగింది.

హోల్డర్లో ఫ్రేముల దూరం కొలిచే పద్ధతులు రెండున్నాయి. కొన్నింటిలో ఫిల్మే ఒక రోలర్‌ని తిప్పుతుంది, ఆ రోలర్ కొలుస్తుంది. వాటిలో ఎడం మారదు. ఇంకొన్నింటిలో చుట్టుకునే స్పూలు ఎన్ని చుట్లు తిరిగిందన్నదే కొలత. ఫిల్మ్ చుట్టుకునే కొద్దీ స్పూలు లావవుతుంది కాబట్టి, తర్వాతి ఫ్రేములకి తక్కువ తిప్పేలా గేర్లు పెట్టారు. ఆ గేర్లు చేసిన రోజుల్లో ఫిల్మూ దాని వెనక కాగితమూ ఇప్పటికన్నా మందం. ఇప్పటి పలచటి రీలు అంతగా లావవదు. ఫలితం, మొదట్లో బాగానే ఉండి, ముందుకెళ్లేకొద్దీ ఎడం తగ్గి, చివర్లో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నువ్వు చెప్పింది అచ్చంగా అదే.

ఒక పాడైన రీలు త్యాగం చెయ్యి. వెలుతుర్లోనే హోల్డర్‌లోకి ఎక్కించు, గేటు ముందుండే డార్క్ స్లైడ్ (వెలుతురు ఆపే పలక) తీసెయ్యి. ప్రతి నంబరు దగ్గరా ఆగి, గేటు నాలుగు అంచుల వెంటా బాల్‌పెన్‌తో గీత గియ్యి. ఎనిమిదీ అయ్యాక రీలు చాప మీద పరిచి స్కేలుతో ఎడాలు కొలువు. నాకు మొదటి ఎడం 7 మి.మీ., చివరిది సున్నా వచ్చింది.

మందు తేలికే. చుట్టుకునే ఖాళీ స్పూలు కడ్డీకి సన్నటి కాగితం ఒకటిన్నర చుట్టు చుట్టి టేపుతో అంటించు. స్పూలు మొదట్నుంచే కాస్త లావుగా ఉంటుంది, ప్రతి తిప్పుకీ ఫిల్మ్ ఎక్కువ లాగుతుంది. మరీ ఎక్కువ చుట్టకు. 120 ఫిల్మ్ పొడవు 82 సెంటీమీటర్ల చుట్టుపక్కలే, 84 మి.మీ. ఫ్రేములు ఎనిమిది అంటేనే 67 సెంటీమీటర్లు పోతాయి. ఎడాలు పెరిగిపోతే ఎనిమిదో ఫ్రేము ఫిల్మ్ దాటి కాగితం మీద పడుతుంది.

సిరొంచ_గోదారిగట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:15

అందరూ పెద్దవాళ్లే, నా మాట కఠినంగా అనిపిస్తే మన్నించండి. నాకు ఈ హోల్డర్ల మీద మనసు పోదు. 4×5 షీటులో బొమ్మ పడే చోటు సుమారు 95×120 మి.మీ. 6×9లో 56×84. లెక్క కట్టండి, సగం కూడా రాదు. అంత బరువు మోసుకుని, నల్లగుడ్డలో దూరి, చివరికి సగం కన్నా చిన్న నెగెటివ్ కోసమా? 6×9 కావాలంటే 6×9 కెమెరాలే ఉన్నాయి, చేత్తో పట్టుకుని తీయొచ్చు.

ఇంకో మాట. షీటులో ఏ షీటుకి ఆ షీటు విడిగా కడుక్కోవచ్చు. ఇక్కడ ప్రాణహిత గోదావరిలో కలిసే చోట పొద్దున్న మంచులో తీసిన షీటుకి డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచుతాను. అవతల కాళేశ్వరం ఒడ్డున మిట్టమధ్యాహ్నం తీసినదానికి తగ్గిస్తాను. రీల్లో ఎనిమిదింటికీ ఒకే టైమ్. మహేంద్రగిరి మంచునీ ఎండనీ ఒకే రీల్లో తీసి, ఒకే టైమ్‌లో కడిగితే ఏదో ఒకటి దెబ్బతినక తప్పదు.

పర్లాకిమిడి_నల్లగుడ్డ | సోమవారం, సాయంత్రం 5:40

అన్నా, మీ మాట నిజమే. మంచు ఫ్రేము కాంట్రాస్ట్ లేకుండా బూడిదరంగులో వచ్చింది. అక్కా, రీలు చాప మీద పరిచాను. ఎడాలు 6, 5, 5, 4, 2, 1, చివరిది మైనస్ 1. మీరు చెప్పినట్టే.

షీటు విలువ నాకు తెలుసన్నా. 2004లో ఆగిపోయిన నౌపడా–గుణుపూర్ చిన్న రైలుని మావయ్య ఇదే కెమెరాతో షీట్ల మీద తీశారు. ఇంజను పక్కన నిలబడ్డ గార్డు చేతిలో జెండా కర్ర మీది పగులు కూడా ఆ నెగెటివ్‌లో కనిపిస్తుంది. అలాంటివి తీయాలనే నా ఆశ కూడా. కానీ నెలకి నాలుగు షీట్లు తీస్తే చెయ్యి ఎప్పటికి తిరుగుతుంది?

రాయగడ_మాస్టారు | సోమవారం, రాత్రి 9:02

సిరొంచ బాబు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి. చేతి కెమెరా ఉండగా ఇదెందుకు అని.

చేతి కెమెరాకి లెన్సు పైకి లేవదు. అదీ తేడా. మా పర్లాకిమిడి బాబు వాళ్లూళ్లో రాజుగారి కోట ఉంది. ఎదుట నిలబడి పైఅంతస్తు మొత్తం రావాలని కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలతాయి. ఫీల్డ్ కెమెరాలో వెనక భాగం నిటారుగా ఉంచి లెన్సుని పైకి జరిపితే గోడలు గోడల్లాగే ఉంటాయి. రీలు హోల్డర్ వేసినా ఆ సౌకర్యం ఎక్కడికీ పోదు, పైగా పెరుగుతుంది.

ఎలాగంటే, మామూలు 150 మి.మీ. ఎఫ్ 5.6 లెన్సు ఎఫ్ 22లో వేసే వెలుగు వలయం సుమారు 210 మి.మీ. 4×5 షీటుని అడ్డంగా పెడితే ఆ వలయంలో లెన్సుని 38 మి.మీ. దాకా లేపొచ్చు, ఆపైన మూలలు నల్లబడతాయి. 6×9ని అడ్డంగా పెడితే అదే లెన్సు 68 మి.మీ. దాకా ఇస్తుంది. కెమెరా అంత జరగదు, బెల్లోస్ (లెన్సుకీ వెనక భాగానికీ మధ్యనుండే మడతల తిత్తి) ముందే అడ్డుపడుతుంది, కానీ లెన్సు వైపు నుంచి లోటు లేదు. వలయం అంచుల్లో షార్ప్‌నెస్ తగ్గుతుంది కదా, 6×9లో మనం ఎప్పుడూ మధ్యనున్న మంచి భాగాన్నే వాడుకుంటాం.

నష్టం వైడ్ యాంగిల్‌లో. 90 మి.మీ. లెన్సు 4×5 మీద మంచి వైడ్, 35 మి.మీ. కెమెరా లెక్కలో 26 లాంటిది. 6×9 మీద అదే లెన్సు 39 లాంటిది అయిపోతుంది. 150 కాస్తా 64 అయి, మనిషి బొమ్మలకి పనికొస్తుంది. కోట ముందు జాగా తక్కువైతే 65 మి.మీ. లెన్సు వెతుక్కోవాలి. దానికి బెల్లోస్ అంత దగ్గరగా ముడుచుకోవాలి, కొన్ని ఫీల్డ్ కెమెరాల్లో కుదరదు. కొనేముందు చూసుకో.

కడగడం గురించి సిరొంచ బాబు చెప్పింది మాత్రం కాదనలేను. దానికి నేను చేసేది, ఒక రీలు ఒకే వెలుతురుకి. ఎనిమిది ఫ్రేములు నింపాలని ఎండ కోసం కాచుకోను. మంచులో నాలుగే తీశానంటే నాలుగింటికే రీలు ముగిస్తాను. నాలుగు ఫ్రేములు పోయినా బాధ లేదు.

జయపురం_కొత్తవాడు | సోమవారం, రాత్రి 9:50

చదువుతుంటే ఆశ పుడుతోంది. నా దగ్గర మామియా ఆర్‌బీ67 వెనక భాగాలు రెండున్నాయి. అవి 4×5కి పడతాయా?

బరంపురం_డార్క్‌రూమ్ | సోమవారం, రాత్రి 10:14

నేరుగా పడవు. అవి చిన్న సైజు, అంటే 2×3 గ్రాఫ్‌లాక్ ఉన్న కెమెరాలకి సరిపోతాయి. 4×5కి మధ్యలో అడాప్టర్ ప్లేట్ కావాలి. ప్లేట్ వేశాక ఫిల్మ్ ఉండే లోతు గ్రౌండ్‌గ్లాస్ లోతుతో కలిసిందో లేదో తప్పకుండా కొలవండి. 4×5లో ఆ లోతు 4.8 మి.మీ. దగ్గర ఉంటుంది. అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఎఫ్ 5.6లో కనిపిస్తుంది.

తమ్ముడూ, నీ 5వ ఫ్రేము చార సంగతి మిగిలిపోయింది. ఆ ఫ్రేము తీసేటప్పుడు ఎండ ఎటునుంచి ఉంది? డార్క్ స్లైడ్ ఎటువైపు లాగావు?

పర్లాకిమిడి_నల్లగుడ్డ | సోమవారం, రాత్రి 10:40

ఎండ కుడివైపు నుంచి. స్లైడ్ లాగిందీ కుడివైపుకే అక్కా. చార కుడి అంచు నుంచే మొదలైంది. నెగెటివ్ మీద బొమ్మ తలకిందులు కాబట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూసి మరీ చెప్తున్నాను.

బరంపురం_డార్క్‌రూమ్ | మంగళవారం, ఉదయం 7:05

అయితే స్లైడ్ దూరే సందులోని మెత్త అరిగిపోయింది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ పట్టీ విప్పి చూడు, లోపలి ఫోమ్ జిగురుగా నల్లటి ముద్ద అయిపోయి ఉంటుంది. స్పిరిట్‌తో తుడిచేసి, దర్జీ దగ్గర దొరికే నల్ల వెల్వెట్ సన్నటి ముక్క అంటించు. కుచ్చు మరీ ఎత్తుగా ఉంటే స్లైడ్ దూరదు, పొట్టి కుచ్చుది అడుగు. అదయ్యేదాకా స్లైడ్ తీసినప్పుడల్లా ఆ సందు మీద నల్లగుడ్డ కప్పు.

హోల్డర్ బిగించేటప్పుడు ఇంకో జాగ్రత్త. రీలుతో కలిపి అది బరువు. రెండు స్లైడర్లూ పూర్తిగా పడ్డాక వేలితో చుట్టూ నొక్కి చూడు, ఒక మూల లేచి ఉంటే అక్కడా వెలుతురు దూరుతుంది, ఫోకసూ ఏటవాలవుతుంది. వెనక భాగం లాక్ చేయకుండా బిగిస్తే ఆ ఒత్తిడికే ఫోకస్ కదిలిపోతుంది. ఊడదీసిన గ్రౌండ్‌గ్లాస్‌ని రాతి మీద పెట్టకు, మందపాటి గుడ్డసంచీ ఒకటి కుట్టించుకుని మెడకి తగిలించుకో. గాజు పగిలితే ఇంట్లోనే అద్దం ముక్క మీద 600 నంబరు కార్బొరండం పొడి, నీళ్లు వేసి ఇంకో గాజుతో అరగదీసి చేసుకోవచ్చు, నేను చేశాను. కానీ కొండ మీద చేయలేం కదా.

సిరొంచ_గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 8:30

మాస్టారూ, లెన్సు లేపే లెక్క చూశాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. గుళ్లూ కోటలూ తీసేవాళ్లకి అది పెద్ద లాభమే. నేను తీసేది నది, నాకు లేపే అవసరం తక్కువ, అందుకే ఆ వైపు ఆలోచించలేదు.

తమ్ముడూ, షీట్ల ఖర్చే నీ బాధైతే నేను చేసేది చెప్తాను. ఒక పాత డార్క్ స్లైడ్ తీసుకుని, నిలువునా సగం కత్తిరించి, పిడి వైపు మాత్రం పూర్తి వెడల్పు ఉంచు. అసలు స్లైడ్ తీసేసి ఇది తోస్తే షీటులో సగమే బయటపడుతుంది. ఒకటి తీశాక ఆ సగం స్లైడ్‌ని బయటికి తీసి, తిరగేసి మళ్లీ తోసి, మిగతా సగం మీద ఇంకొకటి. సంగమం లాంటి వెడల్పు దృశ్యాలకి ఒక షీటులో రెండు బొమ్మలు వస్తాయి. సగం పక్కకి పడుతుంది కాబట్టి లెన్సుని కొంచెం జరిపి మధ్యకి తెచ్చుకోవాలి, గ్రౌండ్‌గ్లాస్ మీద పెన్సిల్ గీత గీసుకో. రీలు హోల్డర్‌కీ ఆ గీత కావాల్సిందే, 6×9 హద్దు గీయకపోతే అంచులో ఏం పోతోందో తెలియదు.

ఒక్క మాట, ఎండాకాలం మా వైపు 45 డిగ్రీలు దాటుతుంది. రీలు ఎక్కించిన హోల్డర్ జీపు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. నేను తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బాలో పెడతాను, తడి లోపలికి పోకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి.

పర్లాకిమిడి_నల్లగుడ్డ | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:55

మాస్టారూ, అక్కా, అన్నా, ఒక్కొక్కటిగా చేశాను.

వెల్వెట్ మార్చాను. లోపల ఫోమ్ అక్క చెప్పినట్టే తారులా అంటుకుపోయింది. స్పూలుకి కాగితం ఒకటిన్నర చుట్టు వేస్తే ఎడాలు 8, 7, 7, 6, 5, 4, 3 వచ్చాయి. ఎనిమిదో ఫ్రేము పూర్తిగా పడింది.

తర్వాత పెరటి గోడకి ఒక ఒడియా పేపరు, ఒక తెలుగు పేపరు పక్కపక్కనే అంటించి, ఎఫ్ 8లోనే పరీక్ష చేశాను. రాత్రి తిప్పి పెట్టి పొద్దున తీసిన ఫ్రేములో రెండు పేపర్ల మధ్య భాగంలో చిన్న అక్షరాలు కలిసిపోయాయి. తిప్పిన వెంటనే తీసిన ఫ్రేములో లూప్ పెడితే తెలుగు పేపరు క్లాసిఫైడ్స్ కూడా చదవగలిగాను. ఒకే రీలు, ఒకే లెన్సు, ఒకే ఎఫ్ నంబరు. పక్కపక్కన పెట్టి మా అమ్మకి చూపిస్తే ఆవిడా తేడా పట్టేసింది.

నిన్న మళ్లీ మహేంద్రగిరి వెళ్లొచ్చాను. ఈసారి మంచుకి ఒక రీలు విడిగా. ఎఫ్‌పీ4 ఫిల్మ్, వెలుతురు మీటరు 10 సెకన్లు చూపిస్తే 18 ఇచ్చాను, ఆ ఫిల్మ్‌కి ఇల్‌ఫర్డ్ వాళ్లిచ్చిన లెక్క ప్రకారం. గాలి లేదు కాబట్టి ఎఫ్ 22 పెట్టగలిగాను. ఐదు ఫ్రేములే తీసి రీలు ముగించాను. ఐడీ-11 డెవలపర్‌ని నీళ్లతో ఒకటికి ఒకటి కలిపి, 20 డిగ్రీలకి 11 నిమిషాలు అంటే, మంచు కదా అని 13 ఉంచాను. నీళ్లు చల్లబరచడానికి చేపల బజారు నుంచి ఐసు తెచ్చి గిన్నె చుట్టూ పేర్చాను.

కుంతి గుడి ద్వారం ఈసారి నిలబడింది. గడప మీద ఎవరో వదిలిన రెండు మారేడు ఆకుల ఈనెలు కూడా ఉన్నాయి.

రాయగడ_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:30

స్కాన్ పెట్టు బాబూ, చూడాలని ఉంది. ఆకుల దగ్గర క్రాప్ చేసి ఒకటి, మొత్తం ఫ్రేము ఒకటి.

పర్లాకిమిడి_నల్లగుడ్డ | ఆదివారం, రాత్రి 9:41

ఇంకా తీగ మీద ఆరుతోంది మాస్టారూ. పొద్దున్నే పెడతాను.